అంబులెన్స్ వచ్చేలోగా పదో తరగతి పిల్లలు ఏం చేయగలరు?

పుదుచ్చేరి పట్టణానికి నైరుతి దిక్కున, పల్లెల మధ్య ఉంటుంది ఏంబలం. యానాం కూడా అదే కేంద్రపాలిత ప్రాంతంలో ఉంది కనుక పుదుచ్చేరి తెలుగువారికి పరాయిది కాదు. ఏంబలం పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు. పుదుచ్చేరిలో వైద్యవిద్య ఫ్రెంచివారి కాలంలో, 1823లోనే మొదలైంది. జిప్‌మర్ తన మూలాలను అక్కడి నుంచే చెప్పుకుంటుంది. ఆ పెద్దాసుపత్రి ఉన్న గోరిమేడు పట్టణానికి ఉత్తరపు వైపు. ఏంబలం నుంచి అక్కడికి చేరాలంటే పది కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. జ్వరమో, కాలు విరగడమో అయితే అదేమంత దూరం కాదు. ఉన్నట్టుండి గుండె ఆగిపోయిన మనిషికి మాత్రం అది అందని దూరం.

ఎందుకో నిమిషాల లెక్కలో చూద్దాం. గుండె ఆగిన తరువాత ఎవరూ ఏమీ చేయకపోతే, బతికే అవకాశం ప్రతి నిమిషానికీ 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. నాలుగు నుంచి ఆరు నిమిషాల మధ్య మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఏం జరిగిందో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేసరికే ఒక నిమిషం గడుస్తుంది. 108కు ఫోను చేసి, ఊరు పేరు, వీధి గుర్తులు చెప్పడానికి మరో నిమిషం. బండి ఎంత త్వరగా బయలుదేరినా, ఏంబలం లాంటి ఊరికి పది నిమిషాల్లో వస్తే గొప్పే. అప్పటికి చేయడానికి మిగిలేది చాలా తక్కువ. అంటే ఈ సమస్యకు సగం జవాబు ఆసుపత్రిలో లేదు, మనిషి కూలిపోయిన గదిలోనే ఉంది. ఆసుపత్రి బయట గుండె ఆగే సంఘటనల్లో ఎక్కువ భాగం ఇళ్లలోనే జరుగుతాయి. ఇది దాదాపు అన్ని దేశాల్లోనూ కనిపించే సంగతి. ఆ సమయానికి ఇంట్లో ఎవరు ఉంటారు? పల్లెటూళ్లో, పగటిపూట, పెద్దవాళ్లు పనుల్లో ఉండగా, చాలాసార్లు ఉండేది ముసలివాళ్లూ, బడి పిల్లలూ.

హైస్కూలు విద్యార్థులకు సీపీఆర్ నేర్పాలన్న ఆలోచనకు మూలం ఇదే. సీపీఆర్ అంటే కార్డియోపల్మనరీ రిససిటేషన్. ఆగిన గుండె చేయాల్సిన పనిని బయటి నుంచి మన చేతులతో కొంతసేపు చేయించడం.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కావు. గుండెపోటులో గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటాయి. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. అతనికి సీపీఆర్ అక్కర్లేదు, వెంటనే ఆసుపత్రి కావాలి. గుండె ఆగిపోవడం వేరు. విద్యుత్ లయ తప్పడం వల్లనో, ఊపిరి అందకపోవడం వల్లనో, కరెంటు షాకు వల్లనో గుండె రక్తాన్ని నెట్టడం మానేస్తుంది. మనిషి క్షణాల్లో స్పృహ కోల్పోతాడు. పిలిచినా పలకడు, ఊపిరి ఉండదు. గుండెపోటు ముదిరి ఈ స్థితికి దారితీయవచ్చు గానీ, రెండింటికీ చేయాల్సిన పని వేరు. పత్రికల్లో ఈ రెంటినీ కలిపి రాసేయడం మనకు అలవాటైపోయింది. పిల్లలకు నేర్పేటప్పుడు మొదట విడదీయాల్సింది దీన్నే.

ఇక చేతులతో నొక్కితే రక్తం ఎలా కదులుతుంది? దీనికి కావలసిన విజ్ఞానం పదో తరగతి పుస్తకంలోనే ఉంది. గుండెకు నాలుగు గదులు, వాటి మధ్య కవాటాలు. కవాటం ఒకవైపుకే తెరుచుకునే తలుపు. రొమ్ము ఎముకను బలంగా కిందికి నొక్కినప్పుడు, గుండె ఆ ఎముకకూ వెన్నెముకకూ మధ్య నలుగుతుంది. ఛాతీ లోపలి పీడనం కూడా పెరుగుతుంది. జఠరికల్లో ఉన్న రక్తానికి వెనక్కి పోయే దారి లేదు, కవాటాలు మూసుకున్నాయి. కాబట్టి ముందుకే, బృహద్ధమనిలోకి పోతుంది. చేయి తీయగానే ఛాతీ పైకి లేస్తుంది, గుండె మళ్లీ రక్తంతో నిండుతుంది. ఇలా నెట్టే రక్తం మామూలుగా గుండె నెట్టే దానిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే. చాలా తక్కువగా అనిపిస్తుంది. కానీ మెదడును కొన్ని నిమిషాల పాటు నిలబెట్టడానికి అది చాలు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. నొక్కడం ఎంత ముఖ్యమో, వదలడం అంతే ముఖ్యం. గుండె కండరానికి సొంతంగా రక్తం అందించే కరోనరీ ధమనుల్లోకి రక్తం ప్రధానంగా పారేది నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. అలసిపోయిన మనిషి తెలియకుండానే తన బరువును ఛాతీ మీద ఆనించి ఉంచుతాడు. అప్పుడు ఛాతీ పూర్తిగా లేవదు. గుండె నిండదు, దాని కండరానికీ రక్తం అందదు. మధ్యలో ఆపడం కూడా అలాంటి నష్టమే. వరుసగా నొక్కుతూ పోతే నాళాల్లో పీడనం మెల్లగా పెరుగుతుంది. ఆపిన వెంటనే పడిపోతుంది, మళ్లీ మొదటి నుంచి పెంచుకోవాలి. చేదబావిలో తోడుతూ తోడుతూ తాడు వదిలేస్తే నీళ్లన్నీ కిందికి పోయినట్టే.

ఈ పద్ధతిని ప్రపంచం ముందు పెట్టింది 1960లో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన ముగ్గురు. కౌవెన్‌హోవెన్, జ్యూడ్, నికర్‌బాకర్. వీరిలో కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. కుక్కల మీద విద్యుత్ షాకు ప్రయోగాలు చేస్తూండగా, షాకు పలకలను ఛాతీకి గట్టిగా అదిమినప్పుడు, షాకు ఇవ్వకముందే రక్తపీడనం కాస్త పెరగడం నికర్‌బాకర్ గమనించాడు. అంతకుముందు గుండె ఆగితే ఛాతీ కోసి, లోపల చేయి పెట్టి గుండెను పిండేవారు. అది ఆపరేషన్ గదిలో సర్జన్ చేసే పని. కోత లేకుండా, పైనుంచి నొక్కితే చాలని తేలడంతో అది ఎవరైనా, ఎక్కడైనా చేయగల పనిగా మారిపోయింది. అదే 1960లో నార్వేకు చెందిన బొమ్మల తయారీదారు అస్మండ్ లేర్డాల్ సాధన కోసం నిలువెత్తు బొమ్మను తయారు చేశాడు. మరుసటి ఏడాదే నార్వే బడుల్లో ఈ శిక్షణ మొదలైంది. అంటే ఈ విద్య, బడి పిల్లలు దాదాపు ఒకే ఈడువాళ్లు.

ఏ వయసు నుంచి నేర్పాలి? దీనికి జవాబు తెలివిలో లేదు, బరువులో ఉంది. పెద్దవారి ఛాతీని కనీసం 5 సెంటీమీటర్లు, 6 మించకుండా కిందికి దించాలి. అందుకు సుమారుగా 50 కిలోల బరువు మోపినంత బలం కావాలి. బ్రిటన్‌లోని కార్డిఫ్ పాఠశాలల్లో జరిపిన అధ్యయనం ఒకటి 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 9, 10 ఏళ్ల పిల్లల్లో ఒక్కరు కూడా తగినంత లోతుకు నొక్కలేకపోయారు. 11, 12 ఏళ్లవారిలో 19 శాతం, 13, 14 ఏళ్లవారిలో 45 శాతం నొక్కగలిగారు. చివరి గుంపు పెద్దవాళ్లకు ఏమీ తీసిపోలేదు. చేతులు ఎక్కడ పెట్టాలో, ఎంత వేగంగా నొక్కాలో మాత్రం చిన్నపిల్లలు కూడా చక్కగా నేర్చుకున్నారు. అందుకే హైస్కూలు. ఆరో తరగతి పిల్లవాడు పెద్దవాళ్లను కేకేయగలడు, ఫోను చేయగలడు, అంబులెన్స్‌కు వీధి చివర నిలబడి దారి చూపగలడు. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి తానే నొక్కగలడు.

మన పల్లెబడుల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లో చాలామంది 50 కిలోలు ఉండరు. అందుకే వాళ్లకు భంగిమ నేర్పడం మరీ అవసరం. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక అరచేతి మడమను ఛాతీ మధ్యలో రొమ్ము ఎముక కింది సగం మీద ఉంచి, రెండో చేతిని దాని మీద వేసి, మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా చేతుల పైకి వచ్చేలా ముందుకు వంగాలి. అప్పుడు నొక్కేది చేతి కండలు కావు, నడుము పైభాగపు బరువు. మోచేతులు వంచిన బలమైన కుర్రాడికంటే, నిటారుగా చేతులు పెట్టిన సన్నని అమ్మాయి ఎక్కువ లోతుకు నొక్కుతుంది. ఎంత బాగా నొక్కినా ఇద్దరు ఉంటే రెండు నిమిషాలకొకసారి మారాలి. అలసట మనకు తెలియకముందే లోతు తగ్గిపోతుంది. ఇంకొకటి, మంచం. మన ఇళ్లలో కూలిపోయిన మనిషిని మొదట మంచం మీదికి చేర్చడం ఆనవాయితీ. నవారు మంచమైనా, పరుపైనా మనం నొక్కే బలాన్ని తానే మింగేస్తుంది. ఛాతీ దిగదు, మంచం దిగుతుంది. మనిషిని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఇంగ్లిషు దేశాల్లో ఆ లయ పట్టుకోవడానికి ఒక సినిమా పాట చెబుతారు. మనకు అంకెలే చాలు గానీ, అందులో ఒక చిన్న చిక్కు ఉంది. నిమిషానికి 110 అంటే ఒక్కో నొక్కుకు దొరికేది అర సెకను పైచిలుకు. ఒకటి, రెండు, మూడు అనడం కుదురుతుంది. పంతొమ్మిది, ఇరవై తొమ్మిది అనాల్సివస్తే నోరు వెనకబడుతుంది, నోటితో పాటు చేయి కూడా. అందుకని పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావడం మేలు. ఏంబలం పిల్లలు తమిళంలో లెక్కపెట్టినా, యానాం పిల్లలు తెలుగులో లెక్కపెట్టినా అంతే.

మన దేశ పరిస్థితులకు తగ్గట్టు భారతీయ మత్తువైద్య నిపుణులు 2017లో సామాన్యుల కోసం ఒక పద్ధతిని ప్రకటించారు. దాన్ని కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్, క్లుప్తంగా కోల్స్ అంటారు. నోటితో ఊపిరి ఊదడం ఇందులో లేదు. గుర్తుపట్టి సాయం పిలవడం, వెంటనే ఛాతీ నొక్కడం, త్వరగా ఆసుపత్రికి చేర్చడం, అంతే. అపరిచితుడి నోటిలో నోరు పెట్టాలంటే ఎవరికైనా జంకు. ఆ జంకుతో మొత్తానికే చేయి వేయకుండా ఆగిపోయేవాళ్లు ఎక్కువ. పైగా ఉన్నట్టుండి గుండె ఆగిన పెద్దవారి రక్తంలో మొదటి కొన్ని నిమిషాలకు సరిపడా ఆక్సిజన్ ఉంటుంది. కొరత ఆక్సిజన్‌కు కాదు, దాన్ని మెదడుకు మోసుకెళ్లే ప్రవాహానికి. ఆ ప్రవాహాన్ని నొక్కుడు ఒక్కటే ఇవ్వగలదు.

అయితే ఏంబలం లాంటి చోట ఇక్కడితో ఆగడం నాకు సరికాదనిపిస్తుంది. పుదుచ్చేరి ప్రాంతం చెరువుల నేల. ఊసుడు, బాహూర్ వంటి పెద్ద చెరువులున్నాయి, పక్కనే సముద్రం. హైస్కూలు పిల్లవాడు తన కళ్లెదుట చూసే ప్రమాదం తాతగారి గుండె ఆగడం ఎంతో, ఈతకు వెళ్లిన తోటివాడు మునిగిపోవడం కూడా అంతే. మునిగినవాడిలో జరిగేది తలకిందుల వరస. ముందు ఊపిరి ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ హరించుకుపోతుంది, ఆ తరువాతే గుండె ఆగుతుంది. ఆక్సిజన్ లేని రక్తాన్ని ఎంత తిప్పినా మెదడుకు ఒరిగేది తక్కువ. అక్కడ ఊపిరి ఊదడం తప్పనిసరి. 30 సార్లు నొక్కి రెండుసార్లు ఊదడం. చిన్నపిల్లల విషయంలో కూడా ఊపిరికి ప్రాధాన్యం ఉంటుంది. మొదటి ఏడాది నొక్కడం నేర్పి, అది చేతికి వచ్చాక మరుసటి ఏడాది ఊపిరి కలపడం మంచి దారి. ఎవరికీ ఊదడం రాకపోతే నొక్కడమైనా చేయాలి, ఊరికే నిలబడకూడదు. మునిగినవాడి పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా తిప్పడం మాత్రం మానాలి. అవి విలువైన నిమిషాలను తినేస్తాయి, పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. కరెంటు షాకైతే మొదట మెయిన్ ఆపాలి. ఆ ఒక్క మాట మరచిపోతే ఒకరి బదులు ఇద్దరు పడిపోతారు.

నేర్పేవాళ్లు ఎక్కువ సమయం పెట్టాల్సింది గుర్తుపట్టడం మీద. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందిలో ఒక విచిత్రమైన గుర్రు వస్తుంది. నోరు తెరుచుకుని, ఉండుండి ఒకసారి గాలి పీల్చినట్టు. చూసేవాళ్లు ఊపిరి ఉందిలే అనుకుంటారు, ముఖాన నీళ్లు కొట్టి, ఉల్లిపాయ వాసన చూపిస్తూ కూర్చుంటారు. అది ఊపిరి కాదు, మెదడు కాండం చివరి ప్రయత్నం. భుజాలు తట్టి పిలిస్తే పలకలేదు, ఊపిరి మామూలుగా లేదు, ఈ రెండూ చాలు మొదలుపెట్టడానికి. నాడి వెతకాల్సిన పని సామాన్యులకు లేదు. కంగారులో శిక్షణ ఉన్నవాళ్లే నాడి దొరక్క పొరబడతారు. ఆగని గుండె మీద పొరపాటున నొక్కినా పెద్ద ప్రమాదం అరుదు. పక్కటెముక ఒకటి విరగవచ్చు, అది అతుక్కుంటుంది.

ఆడవాళ్ల విషయంలో మరో జంకు ఉంది. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, బహిరంగ స్థలాల్లో కూలిపోయిన మగవారిలో 45 శాతం మందికి చుట్టుపక్కలవారు సీపీఆర్ చేయగా, ఆడవారిలో అది 39 శాతమే. మన దగ్గర ఆ తేడా ఇంకా ఎక్కువే ఉంటుందని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సాధన బొమ్మలన్నీ మగ ఛాతీతోనే ఉండటం కూడా ఒక కారణం కావచ్చని నిపుణులు అంటారు. బొమ్మకు ఒక జాకెట్టు తొడిగి, చీర కప్పి సాధన చేయించడం ఖర్చులేని పని. ఈ మాటలు పిల్లలతో సూటిగా మాట్లాడటం టీచర్లకు మొదట ఇబ్బందిగానే ఉంటుంది. అయినా మాట్లాడాలి.

ఇదంతా బడిలో నేర్పితే నిజంగా ప్రాణాలు దక్కుతాయా? ఎక్కువగా చెప్పే ఉదాహరణ డెన్మార్క్. అక్కడ 2005లో పాఠశాలల్లో ఈ శిక్షణను తప్పనిసరి చేశారు. 2001లో ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో 21 శాతం మందికే పక్కవారి సీపీఆర్ అందేది. 2010 నాటికి అది 45 శాతానికి చేరింది. నెల రోజుల తరువాత కూడా బతికి ఉన్నవారు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. అయితే ఆ ఘనతంతా బడికే కట్టబెట్టలేం. అదే కాలంలో డ్రైవింగ్ లైసెన్సుకు కూడా శిక్షణ తప్పనిసరి అయింది, షాకు యంత్రాలు ఊరూరా పెట్టారు, అంబులెన్స్ సేవలూ మెరుగుపడ్డాయి. బడి ఆ గొలుసులో ఒక లింకు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్దతు పొందిన ‘కిడ్స్ సేవ్ లైవ్స్’ ప్రకటన, 12 ఏళ్ల నుంచి ప్రతి విద్యార్థికీ ఏటా రెండు గంటల శిక్షణ చాలంటుంది.

మన దగ్గర కదలిక లేకపోలేదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ దేశానికే నమూనా అయింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ కూడలిలో కూలిపోయిన ప్రయాణికుడికి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి బతికించిన వీడియో అందరూ చూశారు. మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పెద్ద ఎత్తున శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరు 6న కేంద్ర ప్రభుత్వం జరిపిన దేశవ్యాప్త అవగాహన కార్యక్రమంలో, నేరుగానూ ఆన్‌లైన్‌లోనూ కలిపి 20 లక్షల మందికి పైగా పాల్గొన్నారు. సంఖ్య గొప్పదే. కానీ తెరమీద చూసిన ఈత లాంటిదే తెరమీద చూసిన సీపీఆర్. అవగాహన తెస్తుంది, చేతికి మాత్రం రాదు.

చేతికి వచ్చింది కూడా నిలవదు. శిక్షణ తీసుకున్న మూడు నుంచి ఆరు నెలల్లో నైపుణ్యం తగ్గడం మొదలవుతుందని అధ్యయనాలన్నీ దాదాపు ఏకగ్రీవంగా చెబుతాయి. ఏం చేయాలో జ్ఞాపకం ఉంటుంది, లోతూ వేగమూ పోతాయి. కాబట్టి ఒకసారి ఘనంగా శిబిరం పెట్టి, ఫొటోలు దిగి, ధ్రువపత్రాలు పంచడం కంటే ఏడాదికి రెండు మూడుసార్లు పది నిమిషాలు నొక్కించడం మెరుగు. డాక్టర్లే రానక్కర్లేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు నేర్పినా విద్యార్థులు అంతే బాగా నేర్చుకుంటారని విదేశీ పరిశోధనలు చూపాయి. ఏంబలం లాంటి చోట వ్యాయామ ఉపాధ్యాయుడూ, సైన్సు టీచరూ కలిస్తే చాలు.

పిల్లలకు ముందే చెప్పి తీరాల్సిన మాట ఇంకొకటి ఉంది. సీపీఆర్ చేసినా ఎక్కువమంది బతకరు. ఇన్ని ఏర్పాట్లున్న డెన్మార్క్‌లోనే పదిమందిలో తొమ్మిదిమంది పోయారు. ఈ సంగతి దాచిపెట్టి, సినిమాలో లాగా నాలుగు నొక్కులకు కళ్లు తెరుస్తారని నేర్పితే, ఏదో ఒకరోజు ఒక పదిహేనేళ్ల పిల్ల తన నాయనమ్మ చావుకు తానే కారణమనుకుంటుంది. నువ్వు చేయి వేసేసరికే ఆ మనిషి గుండె ఆగి ఉంది, నీవల్ల పోయేది ఏమీ లేదు అని శిక్షణలోనే చెప్పాలి. అలాంటి సంఘటన ఎదురైన విద్యార్థితో ఆ తరువాత కూర్చుని మాట్లాడే పెద్దలు బడిలో ఒకరు ఉండాలి. పోలీసుల భయం కూడా తీర్చాలి. రోడ్డు ప్రమాదంలో సాయపడినవారిని వేధించకుండా మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఏ సెక్షన్ వచ్చింది.

ఇక మిగిలింది బొమ్మల లెక్క. తరగతిలో 40 మంది, ఏడాదికి రెండు గంటలు అనుకుందాం. మొత్తం 120 నిమిషాలు. మాటలకు, చూపించడానికి 40 నిమిషాలు పోతే సాధనకు మిగిలేది 80. బొమ్మ ఒక్కటే ఉంటే ఒక్కో విద్యార్థికి వచ్చేది రెండే నిమిషాలు, అదీ ఏడాది మొత్తానికి. నాలుగు బొమ్మలుంటే ఎనిమిది నిమిషాలు. సరైన లోతుకు చేరగానే టక్కుమని చప్పుడు చేసే బొమ్మ అయితే టీచరు పక్కన లేకపోయినా పిల్లలే తమను సరిదిద్దుకుంటారు. గట్టిగా కట్టిన దిండు మీద లయ, భంగిమ సాధన చేయవచ్చు గానీ, లోతు విషయంలో దిండును నమ్మలేం. నాలుగైదు బడులు కలిసి ఒక జత బొమ్మలు కొని, నెలకొక బడి చొప్పున తిప్పుకుంటే ఏ బడికీ అది మోయలేని ఖర్చు కాదు.